ముందు గదిలో మారుతూ వచ్చిన వైరస్

మూడో వేవ్ వచ్చిన చలికాలంలో నాకూ నా భార్యకూ ఒకే వారంలో కోవిడ్ వచ్చింది. ఎవరి నుంచి ఎవరికి అంటుకుందో తెలియదు. కార్ఖానా బస్తీలో మా వీధిలో ఆ రోజుల్లో దగ్గు వినిపించని ఇల్లు లేదు. నాకు జ్వరం గట్టిగా వచ్చింది, ఒళ్ళంతా విరగదీసినట్టు నొప్పులు, ఆ తర్వాత కొన్నాళ్ళు నీరసం. ఆమెకు గొంతు గరగర, కాస్త దగ్గు, అంతే. "మీకంటే నేనే నయం, చూసిన్రా?" అని నన్ను ఆటపట్టించింది కూడా.

వారం తిరగకుండానే నా పరీక్ష నెగటివ్ వచ్చింది. ఆమెది పాజిటివ్. కొన్నాళ్ళు ఆగి మళ్ళీ చేయించాం, పాజిటివ్. చలి తగ్గింది, ఎండలు ముదిరాయి, వీధిలో జనం మాస్కులు తీసేసి పెళ్ళిళ్ళకు పోవడం మొదలుపెట్టారు. మా ఇంట్లో మాత్రం పాజిటివ్.

ఎందుకో మాకు తెలుసు. ఆమె పొట్టలో కుడివైపు కింద పనిచేస్తున్న కిడ్నీ ఆమెది కాదు. ఆమె చెల్లెలిది.

ఆమె రెండు కిడ్నీలూ బీపీ వల్ల చెడిపోయినప్పుడు నా రక్తం సరిపడలేదు. మాకు పిల్లలు లేరు. ఆమె అన్నదమ్ములు అంతా విని, ఆలోచించి చెబుతామని ఊరుకున్నారు. చెల్లెలు ఆలోచించలేదు. బోయిన్‌పల్లిలో ఉంటుంది, భర్తకు కూరగాయల మార్కెట్‌లో ఉల్లిగడ్డల కమీషన్ దుకాణం. ఆసుపత్రి కాగితాల మీద సంతకం పెడుతూ, "దుకాణంల తూకం ఎక్కువైన ఉల్లిగడ్డ తీసి పక్కన పెడ్తం గదా బావా, గట్లనే ఇది సుత" అంది. అప్పటి నుంచి ప్రతి సంవత్సరం ఆపరేషన్ అయిన రోజున మా ఇంట్లో పండగ. దాన్ని మేం కిడ్నీ పుట్టినరోజు అనేవాళ్ళం. ఆ రోజు నా భార్య చెల్లెలికి కొత్త చీర పెట్టి, పీట వేసి కూర్చోబెట్టి, పప్పుచారు నుంచి పాయసం దాకా తానే వండి వడ్డించేది. చెల్లెలు తింటూ, "నా సామాన్ మంచిగ పనిచేస్తుందా అక్కా? వారంటీ ఉంది, చెప్పు" అనేది. మామూలు రోజుల్లో ఫోన్ చేసినా ముందు అడిగేది ఆ సామాను సంగతే.

పరాయి కిడ్నీని శరీరం ఎప్పటికీ తనదనుకోదు. కాపలా కాసే కణాలు దాన్ని గుర్తుపట్టి దాడి చేస్తాయి. అవి దాడి చేయకుండా వాటిని మగతలో ఉంచే మాత్రలు పొద్దునా రాత్రీ వేసుకోవాలి, బతికినంత కాలం. ఆ మాత్రలను వారానికి సరిపడా గళ్ళ డబ్బాలో నింపడం నా పని. నేను కంటోన్మెంట్‌లో ఒక డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్‌గా చేరి, డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యాను. గీత మీద గీత పడకుండా చూసుకోవడం తప్ప నాకు వేరే విద్య లేదు. ఆదివారం స్నానం కాగానే బల్ల మీద పేపరు పరిచి, మాత్రలు గళ్ళలో పేర్చి, డైరీలో రాసుకునేవాణ్ణి. అవి వేసుకోవడం ఆమె పని. వేసుకోవడంలో ఆమె నాకంటే నిష్ఠ. వాళ్ళ అమ్మ పోయినప్పుడు శ్మశానం గేటు దగ్గర అందరూ ఏడుస్తుంటే, చేతిసంచిలోంచి నీళ్ళ సీసా తీసి మాత్ర మింగి, ఆ తర్వాత ఏడ్చింది.

మగతలో ఉన్న కాపలావాళ్ళు కిడ్నీని ఏమీ అనరు. వైరస్‌ను కూడా ఏమీ అనరు. టీకాలు అన్నీ వేయించాం, ఆమె ఒంట్లో అవి సరిగా పట్టలేదు. నన్ను వారంలో వదిలిపోయిన వైరస్ ఆమె దగ్గర కాపురం పెట్టింది.

ముందు గది ఆమెకు ఇచ్చేశాం. వరండావైపు పెద్ద కిటికీ ఉన్న గది అది. లోపలికి నేను తప్ప ఎవరూ వెళ్ళకూడదని, నేను కూడా మాస్క్ లేకుండా వెళ్ళకూడదని ఆమె కిడ్నీ చూసే డాక్టరమ్మ చెప్పింది. కంచం, గ్లాసు, బట్టలు అన్నీ వేరు. చెల్లెలు వారానికోసారి వచ్చేది. మార్కెట్ నుంచి బీరకాయలు, సొరకాయ సంచిలో వేసుకొచ్చి వరండాలో దింపి, కిటికీకి దూరంగా కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆమెకూ ఉన్నది ఒక్క కిడ్నీయే కాబట్టి ఆ దూరం నేనే కొలిచి, కుర్చీ కాళ్ళ దగ్గర సుద్దతో గీత గీశాను.

"బావ ముగ్గేసిండు, చూసినవా అక్కా?" అనేది ఆమె. "దాటితే రావణుడొస్తడట."

లోపలి నుంచి నవ్వు, నవ్వు వెంట దగ్గు. దగ్గు నవ్వుకంటే ఎక్కువసేపు ఉండేది.

ఎండాకాలం నడిమికి వచ్చేసరికి ఆమె చిక్కిపోయింది. స్కానింగ్‌లో ఊపిరితిత్తుల అడుగున తెల్లటి మచ్చలు కనిపించాయి. మంచం దిగి బాత్రూముకు వెళ్ళొస్తే వేలికి పెట్టే మెషిన్‌లో ఆక్సిజన్ అంకె పడిపోయేది. నరంలో ఎక్కించే మందు ఒక విడత ఇచ్చారు. వైరస్ తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. అప్పుడు డాక్టరమ్మ యాంటీబాడీల ఇంజక్షన్ ఒకటి తెప్పించింది. ఆమె ఒళ్ళు తయారుచేసుకోలేకపోతున్న వాటిని బయట తయారుచేసి ఇవ్వడమన్నమాట.

ఆ ఇంజక్షన్ తర్వాత కొన్నాళ్ళు ఎంత బాగా గడిచాయో చెప్పలేను. దగ్గు పోయింది. అన్నం అడిగి పెట్టించుకుంది. కిటికీ దగ్గర కూర్చుని వీధిలో కొత్తిమీర బండివాడితో బేరం చేసింది. పరీక్షలో వైరస్ ఉందో లేదో అన్నంత సన్నగా వచ్చింది. చెల్లెలికి ఫోన్ చేసి, "ఈసారి నువ్వొస్తే లోపల్నే కూసుంటవే" అంది.

ఆ మాట అన్న తర్వాత వారానికి మళ్ళీ జ్వరం. ఈసారి పరీక్షలో వైరస్ మొదటి రోజుల్లో ఉన్నంత ఎక్కువగా ఉంది.

డాక్టరమ్మ నా భార్య ముక్కులోంచి తీసిన నమూనాలను ఒక పరిశోధనా ల్యాబ్‌కు పంపించింది. చలికాలంలో తీసి దాచినదీ, ఇంజక్షన్‌కు ముందుదీ, తర్వాతదీ. ఫలితం వచ్చాక నన్ను ఒక్కణ్ణే గదిలోకి పిలిచింది. మాకు కూతురుంటే ఆ వయసే ఉండేది. మాట నిదానం.

"సార్, మీకిద్దరికీ వచ్చింది ఒకటే వైరస్ అనుకుందాం. మీలో అది కొన్ని రోజులే ఉంది. అమ్మలో ఇన్ని నెలలుగా ఉంది. ఉన్నన్ని రోజులూ అది ఊరికే కూర్చోదు. తనను తాను కాపీ చేసుకుంటూనే ఉంటుంది. కాపీ చేసేటప్పుడు అక్కడక్కడా తప్పులు పడతాయి."

"తప్పు కాపీలు పనికిరావు కదా?"

"చాలావరకు పనికిరావు, పోతాయి. కానీ ఏదో ఒక తప్పు దానికి పనికొస్తుంది. మనం ఇచ్చిన ఇంజక్షన్ వైరస్‌ను ఒక చోట పట్టుకుంటుంది. అమ్మలో ఇప్పుడున్న వైరస్‌కు సరిగ్గా ఆ చోటే మారిపోయింది. ఇంజక్షన్‌కు ముందు కూడా అలాంటివి కొన్ని ఉండే ఉంటాయి. మిగతావాటిని మందు చంపేసింది. ఇవి మిగిలాయి. ఇప్పుడు ఉన్నవన్నీ వాటి పిల్లలే."

నాకు మా ఆఫీసు గుర్తొచ్చింది. పాత రోజుల్లో డ్రాయింగ్ చిరిగిపోయే స్థితికి వస్తే ట్రేసింగ్ గుడ్డ పరిచి దాని మీదుగా ఇంకోటి గీసేవాళ్ళం. అది పాతబడితే దాని మీదుగా ఇంకోటి. ప్రతిసారీ ఎక్కడో ఒక చోట గీత వెంట్రుకవాసి జరిగేది. అసలుతో సరిచూసి, జరిగినదాన్ని చింపేయడానికి పైన ఒక మనిషి ఉండేవాడు కాబట్టి కాలువ కాలువగా ఉండేది, గోడ గోడగా ఉండేది. నా భార్య ఒంట్లో ఆ మనిషికి మేమే మందు పెట్టి నిద్రపుచ్చాం. తర్వాత బయటి నుంచి ఒకణ్ణి తెచ్చి కూర్చోబెడితే వాడు సరైనవన్నీ చింపి, జరిగిన గీతను మాత్రం వదిలేశాడు.

"బయట తిరుగుతున్న వైరస్‌లో ఈ మార్పులు ఉన్నాయా?" అని అడిగాను.

"ఇన్ని మార్పులు కలిపి ఉన్నది ఇక్కడ ఇంకెవరిలోనూ కనపడలేదు సార్. అమ్మలోనే తయారైంది. ఇంకా ఉంటే ఇంకా మారుతుంది. అమ్మ ఊపిరితిత్తులు అంతకాలం తట్టుకోవు. ఇప్పుడు మనకున్న దారి ఒకటే. కిడ్నీ మాత్రలు తగ్గించాలి. ఒకటి పూర్తిగా ఆపేద్దాం, ఇంకోటి సగం చేద్దాం. ఆవిడ ఒళ్ళే లేచి దీన్ని కొట్టాలి."

"కిడ్నీ?"

"రిస్క్ ఉంది సార్. లేదని చెప్పను."

ఇంటికి వచ్చి, మాస్క్ పెట్టుకుని, ఆమె మంచానికి ఎదురుగా నిలబడి అంతా చెప్పాను. ఆమె చివర్లో, "చెల్లెకు చెప్పిన్రా?" అంది. చెప్తానన్నాను. "నేను చెప్పేదాంక ఆగున్రి" అంది. సరేనన్నాను. కొత్త లెక్క ప్రకారం డబ్బా నింపాను. ఒక మాత్ర లేదు, ఇంకోటి సగం. ఆమె నా చేతిలోంచి డబ్బా తీసుకుని దిండు పక్కన పెట్టుకుంది.

ఆ తర్వాతి వారాల డైరీ ఇప్పుడు తెరిస్తే నాకే సిగ్గుగా ఉంటుంది. మొదట్లో జ్వరం, ఆక్సిజన్, తిన్నది, తాగిన నీళ్ళు, పోసిన మూత్రం అన్నీ గడులు గీసి రాశాను. పోను పోను ఒకే మాట: అట్లనే ఉంది. అట్లనే ఉంది. వైరస్ తగ్గలేదు. చెడ్డవార్తలో ఒక మంచి ఏమిటంటే కిడ్నీ కూడా చెక్కుచెదరలేదు. అది చూసి నేను ధైర్యం తెచ్చుకున్నాను. చెల్లెలి కిడ్నీ మాత్రలు తగ్గించినా నిలబడిందని ఎంత మురిసిపోయానో.

డాక్టరమ్మ మురిసిపోలేదు. రక్తంలో ఆ మాత్ర ఎంత ఉందో చూసే పరీక్ష చేయించి, నన్ను మళ్ళీ పిలిచింది.

"సార్, డోసు సగం చేశారు కదా?"

"ఆ రోజే చేశాను."

"ఇంకో మాత్ర ఆపేశారు?"

"ఆపేశాను. డబ్బా నేనే నింపుతాను."

"లెవెల్ ఇదివరకు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది."

"ల్యాబ్‌లో ఏదో పొరపాటు జరిగుంటుంది."

"నాకూ అనుమానం వచ్చి రెండోసారి చేయించాను సార్."

"డాక్టరమ్మా, నా చేతిలో పొరపాటు జరగదు" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. "మీ చేతిలో కాదు సార్. ఇంట్లో ఒకసారి అడగండి" అంది.

ఆటోలో వస్తున్నంతసేపూ ఆ మాటకు అర్థం వెతుక్కుంటూనే ఉన్నాను. ఇంటికి వచ్చి అడిగితే నా భార్య అబద్ధం చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదన్నట్టుగా చెప్పింది.

"మీరు డబ్బాల తక్కువ పెట్టిన్రు. నేను పూర వేసుకున్న."

"ఎక్కడివి?"

ఆమె బీరువా వైపు చూసింది.

కిడ్నీ మార్పిడి చేయించుకున్న వాళ్ళ కుటుంబాలలో ఒక అలవాటు ఉంది. ఆసుపత్రి వరండాలో బెంచీల మీద గంటలు గంటలు కూర్చునేవాళ్ళం కాబట్టి అందరం అందరికీ తెలుసు. ఎవరికైనా డాక్టరు మందు మారిస్తే మిగిలిన మాత్రల అట్టలు పారేయరు, అదే మందు వాడేవాళ్ళకు ఇస్తారు. ఎవరైనా పోయినా అంతే. పదోరోజో పదకొండోరోజో అయ్యాక ఇంట్లోవాళ్ళు సంచిలో మందులు తెచ్చి, బెంచీ మీద పెట్టి, ఎవరికి కావాలో తీసుకోమని చెప్పి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోతారు. అట్లా మాకూ వచ్చాయి. ఎప్పుడైనా దుకాణంలో మందు దొరక్కపోతే పనికొస్తాయని పాత మిఠాయి డబ్బాలో దాచాం. గడువు ముందు ముగిసేవి పైన, తర్వాత ముగిసేవి అడుగున, నేనే సర్దాను. ఆమె అడుగు నుంచి తీసుకుంది. నేను చూసినా పైవరస కదలనట్టే కనపడాలని.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఆ మాత్రలు వేసుకుంటే వైరస్ పోదని చెప్పాను కదా."

"చెప్పిన్రు."

"మరి?"

"వైరస్ పోకుంటే నేను పోత. నాది నేను పోగొట్టుకుంట. చెల్లెది పోగొట్టనీకి నాకేం హక్కుంది?"

"నువ్వు పోతే కిడ్నీ ఉంటుందా?"

"అప్పుడు నాతోని పోతది. నేను పోగొట్టిన అనరు."

ముప్ఫై ఏళ్ళకు పైగా కాపురం చేసిన మనిషి ఇన్నాళ్ళూ లోపల ఈ లెక్క వేసుకుంటూ ఉందని నాకు తెలియదు. ఆమె చాలా ప్రశాంతంగా చెప్పింది. ఈ లెక్క తప్పని చెప్పడానికి నా దగ్గర ఏముంది? నేను ఇచ్చిన కిడ్నీ కాదు అది. దాని మీద మాట్లాడే అధికారం ఉన్నది ఒక్కరికే. నా భార్యను అడగకుండానే పెరట్లోకి వెళ్ళి మరదలికి ఫోన్ చేశాను.

మరదలు అదే మధ్యాహ్నం వచ్చింది. ఈసారి చేతిలో కూరగాయల సంచి లేదు. సుద్దగీత మీద కాలు పెట్టి నిలబడింది.

"అక్కా, ఈ వయసుల దొంగతనం షురూ చేసినవంట?"

లోపల మంచం కిర్రుమంది.

"మిఠాయి డబ్బాల దొంగతనం చిన్నప్పుడు నేను చేస్తే నువ్వు అమ్మకు చెప్పలేదా? ఇప్పుడు నీ సంగతి ఎవరికి చెప్పాలె నేను?"

"దూరం జరుగు" అంది నా భార్య. "గీత దాటినవ్. నా లోపలున్నది బయట ఏడ లేదంట. కొత్తదంట. నీకు అంటితే ఆ ఒక్కటి సుత పోతది."

"కొత్తదే ఉంటది. నీకు అందరి తీరు ఎప్పుడన్న వచ్చిందా ఏదన్న? నీ జ్వరం వేరే, నీ కోపం వేరే."

"పరాచికాలు ఆపు."

"ఆపిన." నిజంగానే ఆపింది. కిటికీ ఊచల వైపు చూసింది. తర్వాత మాట్లాడినప్పుడు గొంతు వేరే మనిషిదిలా ఉంది. "దాచిపెట్టమని ఇచ్చిన్నా నీకు? బ్యాంకు లాకర్‌వా నువ్వు? రేపు నాది చెడిపోతే నీ లోపలున్నదాన్ని తీసి నాకు పెడ్తరా?"

"పెట్టరు."

"మరి ఎవరి కోసం కాపాడుతున్నవ్ దాన్ని?"

"నువ్వు కోసి ఇచ్చినవే. నీ నడుముకు ఆ కుట్టు ఇంక గుంజుతది చలికి. నేను చూస్తలేనా?"

"గుంజుతది. అయితే?" ఏడుపు, కోపం కలిసిపోయాయి. "నువ్వు బతకాలెనని కోయించుకున్న. నువ్వు పోయినంక నా కిడ్నీ మంచిగుండె అని నలుగురికి చెప్పుకోవాల్నా నేను? జెర మనిషి లెక్క ఆలోచించు అక్కా. ఆ డబ్బా ఇటు ఇయ్యి."

నా భార్య కదలలేదు. మరదలు అక్కడి నుంచి కదలలేదు. ఎండ వరండా మెట్ల దాకా వచ్చింది. నేను లోపలికీ బయటికీ మధ్య గుమ్మంలో నిలబడి ఉన్నాను. కాసేపటికి బీరువా తలుపు చప్పుడైంది. మిఠాయి డబ్బా నా చేతికి వచ్చింది. పైనా కిందా శానిటైజర్‌తో తుడిచి మరదలికి ఇచ్చాను. ఆమె దాన్ని చేతిసంచిలో పెట్టుకుని, అటు నుంచి అటే ఆసుపత్రికి పోయి, ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్ళకు పంచిపెట్టి ఇంటికి పోయిందని తర్వాత తెలిసింది.

ఆ రోజు నుంచి మాత్ర నేనే చేతిలో పెట్టి, ఆమె మింగేదాకా ఎదురుగా నిలబడేవాణ్ణి. మాస్క్ వెనక నా మొహం ఆమెకు కనపడదు కాబట్టి బతికిపోయాను. పనివాణ్ణి అనుమానించినట్టు భార్యను అనుమానించి నోరు తెరిచి చూపించమనడం ఎంత నీచంగా ఉంటుందో. ఆమె చూపించేది. కళ్ళు మాత్రం గోడవైపు.

ఆమె ఒళ్ళు మెల్లగా నిద్రలేవడం మొదలైంది. ముందు జ్వరం ఎక్కువైంది. భయపడితే డాక్టరమ్మ మంచిదే అంది. నరంలో ఎక్కించే మందు మళ్ళీ ఒక విడత ఇచ్చారు. వైరస్ పరీక్షలో ఒక అంకె వస్తుంది. అది ఎంత పెరిగితే వైరస్ అంత తగ్గినట్టు. కిడ్నీకి చూసే క్రియాటినిన్ అని ఇంకో అంకె ఉంది; అది ఎంత పెరిగితే కిడ్నీ అంత చెడినట్టు. నేను పాత అలవాటు కొద్దీ గళ్ళ కాగితం మీద వైరస్‌కు నీలం, కిడ్నీకి ఎరుపు గీతలు గీయడం మొదలుపెట్టాను. మొదట నీలం గీత లేచింది. ఆ వారం మా ఇద్దరి ప్రాణాలూ లేచి వచ్చాయి. తర్వాతి వారం నుంచి ఎర్రగీత కూడా లేచింది.

రెండూ పైకే పోతున్నాయి. ఒకటి ఎక్కుతుంటే సంతోషపడాలి, ఇంకోటి ఎక్కుతుంటే ఏడవాలి. వైరస్‌ను గుర్తుపట్టిన కళ్ళే కిడ్నీని కూడా గుర్తుపట్టాయి. ఆ కళ్ళతో దీన్ని మాత్రం చూడు, దాన్ని చూడకు అని చెప్పే మందు లేదా అని డాక్టరమ్మను అడిగాను. లేదంది. ఇప్పుడే మాత్రలు పెంచితే ఏమవుతుందని అడిగాను. వైరస్ ఇంకా పూర్తిగా పోలేదు, మిగిలిన కాస్తా మళ్ళీ పెరుగుతుంది, ఈసారి ఇంకెలా మారి వస్తుందో చెప్పలేనంది. ఇంకొన్నాళ్ళు ఆగితే? ఆగితే కిడ్నీని కాపాడటానికి ఆలస్యం కావచ్చంది.

"మీరైతే ఏం చేస్తారు?" అని అడిగాను. అడగకూడని ప్రశ్న అది. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆగుతాను సార్" అంది.

ఆగాం. ఆ రోజుల్లో నేను దేవుణ్ణి కూడా సరిగా అడగలేకపోయాను. ఒంట్లో కాపలావాళ్ళను లేపమంటే కిడ్నీ పోతుంది, పడుకోబెట్టమంటే ఆమె పోతుంది. ఏమని మొక్కాలి? దేవుడి పటం ముందు అగరొత్తి గుచ్చి, చేతులు జోడించి, ఏమీ అనకుండా వచ్చేసేవాణ్ణి.

ఆమె పాదాలు వాచాయి. తర్వాత కళ్ళ కింద. మూత్రం తగ్గింది. నెగటివ్ వచ్చిందని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చిన పూట ఆమె పడుకోలేక, దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చుని ఊపిరి తీసుకుంటోంది. ఈసారి ఆయాసం వైరస్‌ది కాదు, ఒంట్లో నీరు చేరడం వల్ల. నెగటివ్ అని చెప్పాను. "పోయిందా?" అంది. పోయిందన్నాను. అన్ని నెలలు ఆ మాట కోసం ఎదురుచూశాం. నేను మాస్క్ తీసి జేబులో పెట్టుకుని, ఆమె వీపు నిమురుతూ అంబులెన్స్ కోసం కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను.

ఆసుపత్రిలో కిడ్నీని నిలబెట్టడానికి పెద్ద మోతాదు ఇంజక్షన్లు ఇచ్చారు. సూదితో చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. ఆ ఫలితం చెప్పేటప్పుడు డాక్టరమ్మ నన్ను వేరే గదిలోకి పిలవలేదు. మంచం పక్కనే నిలబడి, నా భార్య చేయి పట్టుకుని చెప్పింది.

మొదటి డయాలిసిస్ నాడు మరదలు వచ్చింది. ఇప్పుడు సుద్దగీత లేదు, కిటికీ లేదు. మంచం పక్కన స్టూలు వేసుకుని అక్క మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. నా భార్య మెడ దగ్గర పెట్టిన గొట్టంలోంచి రక్తం మెషిన్‌లోకి పోయి తిరిగి వస్తోంది. ఆమె మొహం అటువైపు తిప్పుకుంది.

డాక్టరమ్మ రౌండ్స్‌కు వచ్చినప్పుడు మరదలు అడిగింది. "మేడం, చెడిపోయింది కదా, దాన్ని తీసేస్తరా?"

"మామూలుగా తీయమమ్మా. ఇబ్బంది పెట్టకపోతే అక్కడే ఉంచేస్తాం. మెల్లగా చిన్నదైపోతుంది."

"ఉండనీ అయితే" అంది మరదలు. "గన్నేండ్లు ఉన్నది. గిప్పుడు బయటికొచ్చి ఏడికి పోతది?"

నా భార్య నవ్వలేదు. మొహం ఇటు తిప్పి డాక్టరమ్మను చూసింది. "నా లోపల మారిందన్నరు గదా. అది నా నుంచి ఎవరికన్న పోయిందా?"

"ల్యాబ్ వాళ్ళు చూస్తూనే ఉన్నారమ్మా. ఇప్పటిదాకా ఇంకెవరిలోనూ కనపడలేదు. మీ దగ్గరే ఆగిపోయినట్టుంది."

"మంచిది" అంది.

డాక్టరమ్మ పక్క మంచానికి వెళ్ళింది. నా భార్య కాసేపు పైకప్పు వైపు చూసి, చెల్లెలి వైపు కాకుండా నా వైపు కాకుండా ఎటో చూస్తూ అంది. "అది పోయింది. ఇది సుత పోయింది. నేనే మిగిలిన, ఏం చేయనీకో."

మరదలు అక్క కాళ్ళ మీది నుంచి జారిన దుప్పటి సర్ది, అటుగా వచ్చిన నర్సును ఇంకా ఎంతసేపు పడుతుందని అడిగింది. ఇప్పుడే కదమ్మా మొదలుపెట్టింది, అంది నర్సు.